వదినకి వచ్చేది పూనకమా, జబ్బా, నాటకమా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది సిద్దిపేట దగ్గర ఊరు. నేను హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి జాబ్ చేస్తున్నా. అన్నకి పెళ్లయి ఎనిమిదేళ్లు, వదినకి ఇద్దరు ఆడపిల్లలు, చిన్నదానికి ఏడాదిన్నర. పోయిన బోనాలప్పుడు గుడి ముందు డప్పులు కొడుతుంటే వదినకి పూనకం వచ్చింది. అందరూ దండం పెట్టుకున్నారు, సాక పోశారు, అంతటితో అయిపోయిందనుకున్నాం. తర్వాత ఇంట్లోనే రావడం మొదలైంది. మొదట్లో మంగళవారాలు వచ్చేది, ఇప్పుడు వారం వర్జ్యం లేదు. జుట్టు విరబోసుకుని ఊగుతుంది, గొంతు మారిపోతుంది, మా అమ్మని "ఏమే" అంటుంది. ఒకసారైతే "నా బిడ్డను మళ్లీ కడుపు కోసం సతాయిస్తే ఈ ఇంట్ల దీపం లేకుండ చేస్త" అన్నది. అరగంట తర్వాత కూలబడిపోతుంది. లేచాక ఏమీ గుర్తు లేదంటుంది, రెండు రోజులు తలనొప్పితో పడుకుంటుంది. ఎల్లమ్మ తల్లి పట్టుకుంది, దవాఖానకి తీసుకుపోతే కోపగిస్తది, ఇంట్లో గద్దె కట్టించాలి అంటుంది అమ్మ. అన్నేమో అంతా నాటకం అంటాడు, రెండుసార్లు చెయ్యి కూడా చేసుకున్నాడు. బెంగళూరులో ఉండే బావ నెట్‌లో చూసి స్కిజోఫ్రీనియా అని తేల్చేశాడు. మా మేనమామ "పిచ్చి అని డాక్టర్ దగ్గర కాగితం తెస్తే విడాకులు సులువు" అన్నాడట. అన్న తీసిన వీడియో మా ఫ్యామిలీ గ్రూపులో తిరుగుతోంది. ఇంతకీ ఇది మానసిక జబ్బేనా? ఆ మాట ఎవరు చెప్పాలి? నేనేం చేయాలి?

జవాబు: చెల్లీ, నీ ఉత్తరంలో అమ్మ మాట ఉంది, అన్న మాట ఉంది, బావ, మేనమామ కూడా ఉన్నారు. వదిన మాట ఒక్కటీ లేదు. పూనకంలో ఆమె నోట వచ్చిన మాట రాశావు గానీ, మామూలుగా ఉన్నప్పుడు తనకి ఏమవుతోందని ఆమె అనుకుంటోంది, అది రావాలనుందా పోవాలనుందా అని ఇంట్లో ఎవరూ అడిగినట్టు లేదు. ముందు అది అడుగు. ఫోన్లో కాదు, ఊరెళ్లి, మీ అమ్మ పక్కన లేనప్పుడు అడుగు. ఎందుకంటే నీ ప్రశ్నకి సగం జవాబు ఆమె దగ్గరే ఉంది, అదెలాగో చెప్తాను.

అంతకన్నా ముందు ఒక మాట. అది దేవత అయినా, జబ్బు అయినా, నాటకమే అయినా మీ అన్న చెయ్యి చేసుకోవడానికి లేదు. ఇందులో రెండు అభిప్రాయాలు లేవు. 2005 నాటి గృహహింస చట్టం వదినకి వర్తిస్తుంది, 181కి ఆమె ఫోన్ చేయొచ్చు, నువ్వూ చేయొచ్చు. ఈ మాట అన్నకి నువ్వే చెప్పు, చెల్లెలివి కాబట్టి కోపం వచ్చినా వింటాడు.

ఇక నీ ప్రశ్న. ఏది మానసిక జబ్బు, ఏది కాదు అని రాసి పెట్టుకున్న జాబితాలు ప్రపంచంలో ముఖ్యంగా రెండున్నాయి. ఒకటి ప్రపంచ ఆరోగ్య సంస్థది, ఐసీడీ అంటారు, దాని 11వ కూర్పు 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. రెండోది అమెరికా సైకియాట్రిస్టుల సంఘం తెచ్చే డీఎస్ఎం. మీ ఇంట్లో జరుగుతున్నది ఆ పెద్ద డాక్టర్లకి కొత్తేం కాదు. ఐసీడీలో పూనకానికి విడిగా ఒక పేజీ ఉంది. అందులో నాకు నచ్చిన సంగతేమిటంటే, పూనకం వస్తేనే జబ్బు అని వాళ్లు అనలేదు. అది మనిషి ప్రమేయం లేకుండా, తను కోరుకోకుండా వస్తూ ఉండాలి, ఆ ఊరివాళ్లు, ఆ మతంవాళ్లు ఆనవాయితీగా ఒప్పుకునే సందర్భంలో వచ్చింది కాకూడదు, దాని వల్ల ఆమె బాధపడాలి, లేదా బతుకు దెబ్బతినాలి, పైగా మందు వల్లో మెదడులో ఇంకేదో జబ్బు వల్లో వచ్చింది కాకూడదు. ఇవన్నీ కలిస్తేనే ఆ పేరు పెడతారు. డీఎస్ఎం కూడా 2013 కూర్పులో దాదాపు ఇదే షరతు పెట్టింది, సంప్రదాయంలో భాగంగా అందరూ ఒప్పుకునేదాన్ని లెక్కలోకి తీసుకోవద్దని.

మనకి తెలిసిందే తీసుకో. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో బోనాల మర్నాడు సోమవారం రంగం జరుగుతుంది. మాతంగి పచ్చికుండ మీద నిలబడి, ఈ ఏడు వానలెట్లా ఉంటాయి, పంటలెట్లా ఉంటాయి అని అడిగితే చెప్తుంది. "నాకు చేయాల్సింది సరిగ్గా చేస్తలేరు" అని కోప్పడుతుంది కూడా. టీవీలు లైవ్ ఇస్తాయి. అధికారులు చేతులు కట్టుకుని నిలబడతారు. ఆ మనిషిని పట్టుకుని ఏ సైకియాట్రిస్టూ జబ్బు అనడు, అంటే తన పుస్తకానికి తనే ఎదురు వెళ్లినట్టు. ఆ పూనకానికి ఒక రోజుంది, ఒక చోటుంది, రావాల్సిన వేళకి వచ్చి పోవాల్సిన వేళకి పోతుంది, మర్నాడు ఆమె తన పని తను చేసుకుంటుంది. మీ వదినకి బోనాలనాడు గుడి ముందు వచ్చింది కూడా ఇలాంటిదే. అప్పుడు మీరెవరూ డాక్టర్ పేరెత్తలేదు, ఎత్తనక్కర్లేదు కూడా. ఇప్పుడు వస్తున్నది వేరు. వేళాపాళా లేదు. వచ్చాక రెండు రోజులు మంచం మీద ఉంటోంది, ఏడాదిన్నర పిల్లని ఎవరు చూస్తున్నారో నువ్వు రాయలేదు.

అయితే ఇది అచ్చంగా జబ్బేనా అంటే, డాక్టర్లలోనే ఇద్దరు రెండు రకాలుగా అనొచ్చు. మీ అమ్మ, చుట్టుపక్కలవాళ్లు దీన్ని దేవతగా ఒప్పుకుంటున్నారు కదా, మరి "ఆనవాయితీలో లేనిది" అని ఎలా అంటాం అని ఒకాయన అడగొచ్చు. ఆమెకి ఇష్టం లేకుండా వస్తోంది, బాధ పెడుతోంది, అది చాలు అని ఇంకొకాయన అనొచ్చు. అందుకే వదినని అడగమన్నాను. ఇష్టమా, బాధా అన్నది బయటివాళ్లు చూసి చెప్పేది కాదు.

ఈ జాబితాలు దేవుడు రాసిచ్చినవి కావని నీకు తెలియాలి. 1851లో అమెరికాలో కార్ట్‌రైట్ అనే డాక్టర్, బానిసలు యజమానుల దగ్గర నుంచి పారిపోవడం ఒక మానసిక జబ్బు అని పేరు పెట్టి మరీ రాశాడు. నవ్వొస్తుంది గానీ, యజమానులకి ఆ పేరు ఎంత అనుకూలమో చూడు. స్వలింగ ప్రేమ 1973 దాకా డీఎస్ఎంలో జబ్బే. ఆ ఏడాది తీసేస్తే ఒప్పుకోనివాళ్లు గొడవ చేశారు, మరుసటి ఏడాది సంఘం సభ్యులకి ఓటింగ్ పెట్టారు, తీసేయడమే సరైనదని ఓటేసినవాళ్లలో ఎక్కువమంది అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తీసేసరికి 1990 అయింది. ఓటింగ్ పెట్టి తేల్చే జబ్బు ఏం జబ్బండీ అని అప్పటి నుంచి ఇప్పటి దాకా దెప్పేవాళ్లు ఉన్నారు, ఆ దెప్పుడులో న్యాయం లేకపోలేదు. థామస్ సాజ్ అని ఒకాయన, ఆయన కూడా సైకియాట్రిస్టే, 1960ల నుంచీ అసలు మానసిక జబ్బు అనేదే లేదు, బతకడంలో వచ్చే చిక్కులకి డాక్టరు భాషలో పెట్టిన పేరది అని వాదించాడు.

ఆయన వాదన చదవడానికి బాగుంటుంది, కానీ నేను ఒప్పుకోను. మనిషి నాలుగు రోజులు నిద్రపోకుండా, అన్నంలో విషం కలిపారని తినకుండా కూర్చుంటే దాన్ని "బతకడంలో చిక్కు" అని వదిలేయడం దుర్మార్గం. జబ్బు కాదు, గాలి సోకింది అనుకుని వదిలేసిన చోట ఏమవుతుందో 2001 ఆగస్టులో తమిళనాడు ఎర్వాడిలో చూశాం. దర్గా మహిమతో నయమవుతుందని తెచ్చి వదిలిన మనుషుల్ని పాకల్లో గొలుసులేసి కట్టేశారు, తెల్లవారుజామున నిప్పంటుకుంటే తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఎవరినీ ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదని ప్రత్యేకంగా రాయాల్సి వచ్చింది. మన దగ్గర వైద్యం అందక మిగిలిపోయేవాళ్లే ఎక్కువ. 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో నూటికి పది మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని, వాళ్లలో చాలామంది చికిత్సకి వెళ్లడం లేదని తేలింది. "ఎర్రగడ్డకి పంపాలి" అని జోకులేసుకునే ఊళ్లో ఎవరు వెళ్తారు చెప్పు.

ఇప్పుడు మీ ఇంటికి వద్దాం. మీవాళ్లు పెట్టిన ప్రతి పేరూ పెట్టినవాళ్లకి ఎంత అనుకూలంగా ఉందో గమనించావా? అన్నకి నాటకం అనే మాట సుఖం, నాటకమైతే తను మారాల్సింది ఏమీ లేదు. మేనమామకి పిచ్చి అనే మాట కావాలి, ఎందుకో నువ్వే రాశావు. అమ్మకి దేవత. అమ్మని నేను పూర్తిగా తప్పు పట్టను, ఆమె పెట్టిన పేరులో ఒక్కదాంట్లోనే వదినకి కాస్త మర్యాద దక్కుతోంది. కానీ దేవత అన్నాక అమ్మ కూడా ఒక మాట వినకుండా తప్పించుకుంటోంది. దేవత ఏమన్నదో నువ్వే రాశావు కదా, మళ్లీ కడుపు కోసం సతాయించొద్దని. ఇద్దరు ఆడపిల్లల తర్వాత మగపిల్లాడి కోసం ఆమెని ఎవరు సతాయిస్తున్నారు? మీ అమ్మకి గద్దె కట్టించాలన్నది వినపడింది, ఇది వినపడలేదా?

లూయిస్ అని ఒక బ్రిటిష్ ఆంత్రపాలజిస్టు, అంటే మనుషుల ఆచారాలు చదివే పండితుడు, సోమాలియా లాంటి చోట్ల పూనకాలు చూసి 1971లో ఒక మాటన్నాడు. ఇంట్లో నోరెత్తే వీలు లేనివాళ్లకి, ముఖ్యంగా ఆడవాళ్లకి, ఇలాంటివి ఎక్కువ వస్తాయని, వాళ్లు సొంతంగా అనలేని మాట దేవత నోటితో అంటే ఇల్లు వింటుందని. దీన్నే పట్టుకుని అన్నిటికీ అదే కారణం అనలేం, భక్తితో వచ్చేవాళ్లు ఇది వింటే బాధపడతారు కూడా. కానీ వదిన విషయంలో ఇది పక్కన పెట్టేసే మాట కాదు.

అలాగని అన్న అన్నట్టు నాటకం అని కొట్టిపారేయడానికి లేదు. ఇలాంటిదాన్ని డాక్టర్లు డిసోసియేషన్ అంటారు. మోయలేనంత ఒత్తిడి పడ్డప్పుడు తెలివి, జ్ఞాపకం, నేను ఫలానా అనే ఎరుక ఒకదానితో ఒకటి తెగిపోయి, మనిషి తన చేతిలో తను ఉండదు. కావాలని చేస్తున్నది కాదు కాబట్టి తిడితే ఆగదు, కొడితే ఇంకా పెరుగుతుంది. మిరపకాయల పొగ, వేపమండలతో బాదడం, చేతిలో కర్పూరం వెలిగించడం లాంటివి ఎవరైనా చెప్తే ఆ మనిషిని గడప తొక్కనివ్వకు.

బావగారి స్కిజోఫ్రీనియా సంగతి. అది అరగంట వచ్చి పోయేది కాదు. ఎవరో మాట్లాడుతున్నట్టు వినపడడం, జరగనివి జరుగుతున్నాయని గట్టిగా నమ్మడం, మాట తీరు చెదిరిపోవడం నెలల తరబడి ఉంటాయి, నెల పైన ఉంటేనే ఐసీడీ ఆ పేరు పెట్టనిస్తుంది. నీ ఉత్తరంలో అలాంటివి ఏమీ లేవు. మిగతా రోజుల్లో వదిన మామూలుగానే ఉంటోందని నీ ఉత్తరం చదివితే అనిపిస్తోంది. ఉత్తరం చదివి నేను జబ్బు తేల్చలేను, నెట్ చూసి బావ అసలే తేల్చలేడు.

తేల్చాల్సినవాళ్లు మొదట చూసేది మనసుని కాదు, ఒంటిని. కొన్ని రకాల మూర్ఛలు పైకి చూడ్డానికి ఇలాగే ఉంటాయి, మాట మారుతుంది, తర్వాత గుర్తుండదు. మామూలుగా మూర్ఛ ఒకటి రెండు నిమిషాల్లో ఆగుతుంది, కళ్లు తెరిచే ఉంటాయి, నాలుక పక్కన కరుచుకోవచ్చు, బట్టల్లో మూత్రం పోవచ్చు. అరగంట సేపు ఊగుతూ వరసగా మాట్లాడటం దానికి అంతగా సరిపోదు, కానీ అది డాక్టర్ చెప్పాలి, అవసరమైతే ఈఈజీ, అంటే మెదడు తరంగాల పరీక్ష, తీస్తారు. కాన్పై ఏడాదిన్నర కాబట్టి రక్తహీనత, థైరాయిడ్ కూడా చూపించండి, కాన్పు తర్వాత మొదలైన డిప్రెషన్ ఎవరూ పట్టించుకోకుండా ఉండిపోయిందేమో కూడా చూస్తారు. డిసోసియేషన్‌కే అని ప్రత్యేకంగా మాత్ర లేదు. కూర్చోబెట్టి మాట్లాడించడం, ఇంట్లో ఒత్తిడి తగ్గించడం, డిప్రెషనో ఆందోళనో తోడుంటే దానికి మందు. "ఒకసారి వెళ్తే జీవితాంతం మత్తు మాత్రలు మింగిస్తారు" అని ఊళ్లో అంటారే, అది నమ్మొద్దు.

మేనమామ ప్లాన్ సంగతి కూడా తేల్చుకుందాం, ఎందుకంటే ఆ భయంతోనే వదిన ఆసుపత్రికి రానంటుందేమో. హిందూ వివాహ చట్టంలో మానసిక జబ్బు కారణంగా విడాకులు అడిగే వీలున్న మాట నిజమే. కానీ జబ్బు పేరు రాసిన కాగితం చూపిస్తే చాలదు, కలిసి బతకడం కుదరనంత తీవ్రంగా ఉందని రుజువు చేయాలని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. 2017 చట్టం ఇంకా గట్టిగా ఉంది. ఒకరికి మానసిక జబ్బు ఉందని నిర్ధారిస్తే అంతమాత్రాన మతి స్థిమితం లేనివాళ్లు అయిపోరు, అది కోర్టు చెప్పాల్సిన మాట అని రాసి ఉంది. ఐసీడీ లాంటి ఒప్పుకున్న ప్రమాణాల ప్రకారమే జబ్బు నిర్ధారించాలి తప్ప, కులం, మతం, స్థోమత చూసో, ఊరి పద్ధతికి, మతాచారానికి సరిపడా నడుచుకోలేదనో జబ్బు ముద్ర వేయకూడదని కూడా ఉంది. అంటే మీ అమ్మని "ఏమే" అన్నందుకు వదినకి జబ్బు రాయలేరు. ఆమె వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలి, మేనమామ వెళ్లి అడిగితే చేతిలో పెట్టే కాగితం కాదది. ఇంకొకటి, చాలామందికి తెలియదు. తన తరఫున మాట్లాడే మనిషి ఎవరో ముందే రాసిపెట్టుకునే హక్కు పెద్దవాళ్లందరికీ ఉంది, తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేస్తే చాలు. వదినకి మీ అన్న వద్దనిపిస్తే నీ పేరు రాయొచ్చు, వాళ్ల అక్క పేరు రాయొచ్చు. ఆమె ఇష్టం.

ఏం చేయాలో ఇప్పుడు చెప్తా. ఊరెళ్లాక ఒక నోట్‌బుక్‌లో ఇప్పటి దాకా వచ్చినవి గుర్తున్నంత వరకు రాయండి, వదినతో కలిసే. ఏ రోజు, ఎంతసేపు, అంతకుముందు ఇంట్లో ఏం గొడవ జరిగింది, ఎవరెవరున్నారు, ఆ రాత్రి నిద్రపోయిందా, నెలసరి రోజులా, కళ్లు మూసుకునే ఉన్నాయా తెరిచా. డాక్టర్‌కి ఈ నోట్‌బుక్ ఎంతో పనికొస్తుంది. మీ అన్న తీసిన వీడియో కూడా పనికొస్తుంది, కానీ వదిన ఒప్పుకుంటే డాక్టర్ ఒక్కరికే చూపించండి, గ్రూపులోంచి ఇవాళే తీసేయించు, అందరికీ డిలీట్ అయ్యేలా. ఎవరిని కలవాలో తెలియకపోతే 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటారు, ఉచితం, ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. దగ్గర్లోని పెద్ద ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంటుంది, ఎర్రగడ్డ దాకా రానక్కర్లేదు. డాక్టర్ దగ్గర వదిన కాసేపు ఒంటరిగా మాట్లాడేలా చూడు, నువ్వు కూడా బయట కూర్చో.

ఆగకుండా వెంటనే వెళ్లాల్సిన పరిస్థితులు కొన్ని ఉన్నాయి. ఆ స్థితి గంటలు గడిచినా దిగకపోతే, వరసగా రాత్రుళ్లు నిద్ర లేకపోతే, మామూలుగా ఉన్నప్పుడు కూడా గొంతులు వినపడుతున్నాయంటే, చచ్చిపోతాననో పిల్లల్ని ఏమైనా చేస్తాననో అంటే, దెబ్బ తగిలేలా పడిపోతుంటే, మంగళవారం శుక్రవారం చూడకుండా ఆ రోజే ఆసుపత్రికి.

అమ్మతో మాత్రం ఎల్లమ్మ లేదని వాదనకి దిగకు. గెలవవు, గెలవాల్సిన పనీ లేదు. "తల్లి వచ్చినా వొళ్లు వదినదే కదమ్మా, రెండు రోజులు లేవలేకపోతోంది, ఆ వొళ్లు చూపిద్దాం" అను. గుడికి వెళ్తామంటే వెళ్లనీ, ముడుపు కడతామంటే కట్టనీ, దాని కోసం మాత్రలు మాన్పించడం, పస్తులుంచడం మాత్రం ఒప్పుకోకు. గద్దె విషయంలో తొందరపడొద్దని గట్టిగా చెప్పు. గద్దె కట్టాక ఊళ్లోవాళ్లు ప్రశ్నలడగడానికి వస్తారు, కానుకలు తెస్తారు, ఆ తర్వాత వదిన తనకి ఇక వద్దనుకున్నా మానలేదు. ఆమెకే అది కావాలనిపిస్తే, బాగున్న రోజున తన నోటితో తనే చెప్పనీ, అప్పుడు ఆలోచించుకోవచ్చు.

మూడో కాన్పు మాట ఇంట్లో ఎవరెత్తినా, మీ అన్నతో సహా, ఆపేయమని చెప్పడం ఇవాళ్టి నుంచే మొదలుపెట్టు. దానికి డాక్టర్ అపాయింట్‌మెంట్ దాకా ఆగనక్కర్లేదు.